పాత అల్మారీకి కొత్త రంగు.. పనంతా గీకుడులోనే!

సిద్దిపేట : బతుకమ్మ పండుగ దగ్గరపడుతున్నదంటే సిద్దిపేట చుట్టుపక్కల ఇళ్ళలో దులుపుడు మొదలవుతుంది. గోడలకు సున్నం పడుతుంది. పాత మిద్దెలున్న చోట అరుగులకు ఇప్పటికీ జాజు పూస్తారు. ఇత్తడి గిన్నెలను చింతపండుతో తోమి వాకిట్లో బోర్లిస్తారు. అంతా బాగానే సాగుతుంది గాని, వంటింట్లోని చెక్క అల్మారీ దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో రెండు పక్షాలు తయారవుతాయి. మసి పట్టి, రంగు పెచ్చులూడి, తలుపు తీస్తే కిర్రుమనే ఆ అల్మారీని తీసేసి కొత్త పద్ధతి వంటిల్లు కట్టించుకుందామని పిల్లల పక్షం. తాతల నాడు చేయించిన టేకు సామాను, ముట్టుకోవద్దని పెద్దల పక్షం.

ఈ వాదంలో మూడో దారి ఒకటుందని చాలా ఇళ్ళలో ఆలస్యంగా తెలుస్తున్నది. పాత అల్మారీని ఉంచుకుని, శుభ్రంగా గీకించి, కొత్త రంగు వేయించుకోవడమే ఆ దారి. అయితే ఇది డబ్బా మూత తీసి బ్రష్షు ముంచినంత తేలిక పని కాదు. సరిగా చేస్తే ఏళ్ళ తరబడి నిలుస్తుంది. తొందరపడితే వచ్చే దసరా నాటికే పెచ్చులు లేస్తాయి. ఇక తెలియక గీకితే ఇంట్లోని పసిపిల్లల ఆరోగ్యానికే ముప్పు తెస్తుంది. రంగు సంగతి చెప్పేవారు ఎందరో ఉన్నారు గాని ఈ చివరి సంగతి చెప్పేవారు తక్కువ.

ఉట్టి తరువాత జాలీ అల్మారీ

ఈ ప్రాంతపు పాత ఇళ్ళలో వంటింటి అల్మారీలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది గోడలోనే వదిలిన గూటికి చెక్క చౌకట్టు బిగించి, రెండు తలుపులు, మూడు నాలుగు అరలు పెట్టినది. మట్టి గోడలు రెండడుగుల మందం ఉండేవి కాబట్టి లోపల ఆవకాయ జాడీలు కూడా సులువుగా పట్టేవి. రెండోది నాలుగు కాళ్ళ మీద నిలబడే జాలీ అల్మారీ. పాలు, పెరుగు, మిగిలిన కూర పిల్లికి, ఈగకు అందకుండా దాచేది ఇందులోనే. ఫ్రిజ్ రాకముందు దీనికున్న గౌరవం ఇంతా అంతా కాదు. అంతకుముందు ఆ పని చేసింది దూలానికి వేలాడిన ఉట్టి. చీమలు ఎక్కకుండా జాలీ అల్మారీ కాళ్ళ కింద నీళ్ళు పోసిన గిన్నెలు పెట్టేవారు. చీమలు ఎక్కలేదు గాని, ఎప్పుడూ తడిలో నానడం వల్ల ముందుగా పుచ్చిపోయింది కూడా ఆ కాళ్ళే. ఈనాడు ఏ ఇంట్లోనైనా జాలీ అల్మారీ ఒక పక్కకు ఒరిగి ఉంటే కారణం చాలావరకు అదే.

ఈ సామాను చేసింది ఎక్కువగా టేకుతో. అంత స్తోమత లేనివారు వేప, నల్లమద్ది, మామిడి చెక్కలతో చేయించుకున్నారు. వడ్లవారు ఇంటికే వచ్చి, వాకిట్లో చెట్టు నీడన కూర్చుని, చిత్రిక పట్టి, చెక్కలో చెక్క దూర్చి బిగించిన పనులివి. మేకులు తక్కువ. అందుకే అయిదారు దశాబ్దాల తర్వాత కూడా చౌకట్టు కదలకుండా ఉన్నవి ఎన్నో కనిపిస్తాయి.

ఆ తరువాత రోజులు మారాయి. సిమెంటు ఇళ్ళు వచ్చాయి. వంటింట్లో చెక్క అల్మారీ బదులు షాబాద్ బండలతో అరలు కట్టారు. అడవుల నరకుడుపై అదుపు పెరిగింది. సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో ఇచ్చిన ఉత్తర్వుతో అడవి కలప కోతకు, కోత మిల్లులకు దేశమంతటా కళ్ళెం పడింది. మంచి టేకు సామాన్యుడికి అందని సరుకైంది. దాని చోటును మొదట ప్లైవుడ్, తరువాత రంపపు పొట్టును, చెక్క ముక్కలను జిగురుతో అదిమి చేసిన బోర్డులు ఆక్రమించాయి. పైన అంటించే సన్‌మైకా నున్నగా అద్దంలా మెరుస్తుంది. చూడముచ్చటగా ఉంటుంది, కాదనలేం. కానీ అదిమిన బోర్డుకు అంచుల వద్ద నీరు తగిలితే అది ఉబ్బుతుంది. ఒకసారి ఉబ్బినది మళ్ళీ మునుపటి ఆకారానికి రాదు. బందుల స్క్రూలు ఒకసారి వదులైతే అదే రంధ్రంలో మళ్ళీ గట్టిగా పట్టవు. ఇల్లు కడిగే అలవాటున్న మన వంటిళ్ళలో నీరు తగలకుండా ఉండటం జరిగే పనేనా? గట్టి చెక్క తలుపయితే ఉబ్బినా ఎండ కాసే రోజులు రాగానే సర్దుకుంటుంది. మరీ బిగిసిపోతే అంచున ఒకసారి చిత్రిక పడితే చాలు.

ముంపు ఊళ్ళ నుంచి తెచ్చిన చెక్క

పాత చెక్క సామాను విలువ ఈ జిల్లా ప్రజలకు ఒకరు చెప్పవలసిన పని లేదు. ఇల్లు విప్పితే దూలాలు, దర్వాజలు, కిటికీలు, అల్మారీ తలుపులు విప్పి భద్రం చేసుకోవడం ఇక్కడ ఎప్పటినుంచో ఉన్న రివాజు. పెంకులు పగిలినా దర్వాజ పగలనిచ్చేవారు కాదు. మల్లన్నసాగర్ జలాశయం కింద తొగుట, కొండపాక మండలాల ఊళ్ళు ఖాళీ అయినప్పుడు ఈ మాట మళ్ళీ అందరికీ గుర్తుకు వచ్చింది. 50 టీఎంసీల నీరు నిలిపేందుకు కట్టిన ఆ జలాశయం 2022 ఫిబ్రవరి 23న ప్రారంభమైంది. వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ వంటి ఊళ్ళు ఇప్పుడు పటంలో మాత్రమే ఉన్నాయి. అక్కడి కుటుంబాలు గజ్వేల్ పక్కన ముట్రాజ్‌పల్లి వద్ద కట్టిన పునరావాస కాలనీకి చేరాయి.

పెద్ద మిద్దెలో చేయించిన అల్మారీ కాలనీ ఇంటి వంటగదికి సరిపోదు. ఎత్తు ఎక్కువ, లోతు ఎక్కువ. అటువంటప్పుడు దాన్ని అమ్ముకోవడం ఒక్కటే మార్గం కాదు. గోడ అల్మారీ అయితే చౌకట్టును విప్పి, ఒక అర తగ్గించి, తలుపులను కింది భాగాన కోసి మళ్ళీ బిగించవచ్చు. తలుపు సాధారణంగా పుచ్చేది కింది భాగమే కాబట్టి కోతలో పోయేది కూడా పనికిరాని చెక్కే. రెండు రోజుల వడ్ల పని. ఊరు పోయినా ఊరి టేకు ఇంట్లో మిగులుతుంది.

పాత చెక్క కొనేవారికి దాని ధర బాగా తెలుసు. అమ్మేవారికే తెలియడం లేదు. రంగు పెచ్చులూడిన తలుపును కట్టెల లెక్కన తూకానికి వేసి, తరువాత అదే చెక్కను చిత్రిక పట్టించి కొత్త సామానుగా అమ్మడం అన్నిచోట్లా ఉన్న వ్యాపారమే. అందువల్ల అమ్మేముందు తలుపు లోపలి వైపు ఒక మూలన కాస్త గీకి చూసుకోవడం మంచిది. కింద తేనె రంగు చెక్క, నూనె వాసన వస్తే అది టేకు అనుకోవచ్చు.

ఏది ఉంచాలి, ఏది తీసేయాలి

అన్ని అల్మారీలూ రంగుకు నోచుకోవు. ఆ మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. వడ్లవారు మొదట చేసే పని వేలి కణుపుతో తట్టి చూడటం. చేవ ఉన్న చెక్క గట్టిగా పలుకుతుంది. చెద తిన్నది డొల్లగా పలుకుతుంది. తరువాత సన్నని స్క్రూడ్రైవరుతో కింది మూలల్లో, గోడకు ఆనుకున్న వైపున గుచ్చి చూస్తారు. లోనికి దిగిపోతే పని ఉంది. టేకులో కూడా నడిమి చేవనే చెదలు ముట్టవు. చేవ చుట్టూ ఉండే తెల్ల చెక్కను తింటాయి. డబ్బుకు చూసుకుని తెల్ల చెక్క కలిపి చేయించిన సామానులో అక్కడక్కడ ఒక్క పట్టీ మాత్రమే పొడి అయిపోవడానికి కారణం ఇదే. అలాంటప్పుడు ఆ పట్టీ ఒక్కటి మార్పిస్తే సరిపోతుంది.

అరల మీద పిండిలాంటి సన్నని పొడి రాలుతూ, చెక్కలో గుండుసూది తలంత రంధ్రాలు కనిపిస్తే అది చెద కాదు, చెక్కను తొలిచే పురుగు. దాని మీద రంగు వేస్తే పురుగు లోపల తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. చౌకట్టు నాలుగు వైపులా పట్టు తప్పితే, గోడలోని తేమ ఎప్పుడూ ఆరకపోతే ఆ అల్మారీ మీద రంగు ఖర్చు దండగ. గోడ తేమకు మందు ముందు, రంగు తరువాత.

జిడ్డు వదలకుంటే రంగు పట్టదు

వంటింటి అల్మారీకీ పడకింటి తలుపుకూ తేడా ఒకటే - జిడ్డు. తాళింపు పొగలో నూనె ఉంటుంది. అది తలుపులకు పట్టి, దాని మీద మసి పట్టి, ఆ మసి మీద మళ్ళీ నూనె పట్టి పొరలుగా ఎదుగుతుంది. కట్టెల పొయ్యి ఉన్న కాలంలో ఈ పొర మరీ మందం. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చాక, 2016 మే 1న మొదలైన ఉజ్వల పథకం తరువాత గ్యాసు ఎన్నో ఇళ్ళకు చేరింది. పొగ తగ్గింది. కానీ అంతకుముందు పట్టిన మసి అల్మారీ మీద అలాగే ఉన్నది. చాలా ఇళ్ళలో దాని మీదనే ఒకటి రెండుసార్లు రంగు కూడా వేసేశారు. పెచ్చులు ఊడిన చోట కింద నల్లగా కనిపించేది చెక్క కాదు, ఆ మసే.

రంగు లేచిపోయిందని కంపెనీని తిట్టేవారిలో చాలామంది తిట్టవలసింది ఈ జిడ్డును. దీన్ని వదిలించడానికి ఖరీదైన మందులేవీ అవసరం లేదు. బకెట్ వేడినీళ్ళలో గుప్పెడు చాకలి సోడా కలిపి, గుడ్డను ముంచి పిండి, పై నుంచి కిందికి తుడవాలి. చేతులకు రబ్బరు తొడుగులు ఉండాలి. చెక్క మీద నీళ్ళు గుమ్మరించరాదు. సోడా నీరు చెక్క మీద నిలిస్తే టేకు నల్లబడుతుంది కనుక వెంటనే మంచినీళ్ళ గుడ్డతో రెండుసార్లు తుడవాలి. ఒక్కసారితో జిడ్డు వదలదు. రెండు, మూడుసార్లు చేయవలసి వస్తుంది. వదిలిందా లేదా అన్నది తెలుసుకునే ఉపాయం ఒకటుంది. ఆరిన తలుపు మీద నాలుగు నీటి చుక్కలు చల్లాలి. నీరు ముత్యాల్లా గుండ్రంగా నిలబడితే జిడ్డు ఇంకా ఉన్నట్టే. పరుచుకుపోతే పోయినట్టు. దీపం వత్తుల నూనె, కొవ్వొత్తి మైనం కారిన చోట్లు ఉంటే అక్కడ ప్రత్యేకంగా చూసుకోవాలి.

తలుపులు విప్పి చేస్తేనే పని శుభ్రంగా ఉంటుంది. విప్పిన తలుపు వెనుక, దాని చౌకట్టు మీద ఒకే అంకె వేసుకోవాలి. పాత వడ్లవారు ప్రతి తలుపును దాని చోటుకు తగ్గట్టుగా చిత్రిక పట్టి కూర్చారు. ఎడమది కుడికి పట్టదు. బందులు, గొళ్ళాలు ఒక డబ్బాలో కిరసనాయిలు పోసి ఒక రాత్రి నానబెడితే తుప్పు వదులుతుంది. బందుల మీదనే రంగు పూసేయడం సోమరితనం తప్ప పనితనం కాదు. కడిగిన తలుపులను రెండు రోజులు నీడన ఆరనివ్వాలి. తొందరకొద్దీ ఎండలో పెడితే వంకర తిరుగుతాయి.

పాత రంగులో సీసం

ఇక అసలు సంగతి. రంగుల డబ్బాల్లో సీసం ఉంటుందని, అది విషమని చాలామందికి తెలియదు. పసుపు, నారింజ, ఎరుపు, చిలకపచ్చ వంటి గాఢమైన రంగులు నిగనిగలాడటానికి సీసపు పొడులు వాడేవారు. రంగు త్వరగా ఆరడానికి కూడా సీసం కలిపేవారు. మనం సిందూరం అని పిలిచే ఎర్రని పొడి కూడా సీసపు ఖనిజమే, దాన్నీ రంగుల్లో వాడారు. కేంద్ర ప్రభుత్వం 2016 నవంబరు 1న నియమాలు ప్రకటించి, ఇళ్ళలో వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు దాటరాదని నిర్దేశించింది. అవి ఏడాది గడువు తరువాత 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చాయి. అంటే అంతకుముందు వేసిన ఏ ఎనామెల్ రంగులోనైనా సీసం ఉండే అవకాశం ఉన్నది. ఉందో లేదో కంటితో చూసి ఎవరూ చెప్పలేరు.

తలుపు మీద గట్టిగా అంటుకుని ఉన్నంతకాలం ఆ రంగుతో వచ్చే ప్రమాదం తక్కువ. పెచ్చులూడినప్పుడు, పొడిగా గీకినప్పుడు అది దుమ్ముగా మారుతుంది. ఆ దుమ్ము వంటింటి నేల మీద, గిన్నెల మీద, పాకే పిల్లల చేతుల మీద చేరుతుంది. చేతులు నోట్లో పెట్టుకోని పసిపాప ఉండదు కదా. పెద్దవారి కంటే పసిపిల్లల శరీరం నాలుగైదు రెట్లు ఎక్కువగా సీసాన్ని పీల్చుకుంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మెదడు ఎదుగుదలను, చదువును అది దెబ్బతీస్తుంది. ఇంత వరకైతే ఫరవాలేదని చెప్పదగ్గ మోతాదు ఏదీ లేదని కూడా ఆ సంస్థ స్పష్టం చేసింది. గర్భిణులు పీల్చితే కడుపులోని బిడ్డకు చేరుతుంది.

మన ప్రాంతంలో దీనికి మరో పార్శ్వం ఉన్నది. కడపకు పసుపు పూయడం మన ఆచారం. రోజూ పూయలేక చాలా ఇళ్ళలో కడపలకు, దర్వాజలకు పసుపు ఎనామెల్ వేసి, దాని మీద ఎర్ర రంగుతో కుంకుమ బొట్లు దిద్దించారు. ఈ రెండు రంగులే పాత రోజుల్లో సీసానికి పెట్టింది పేరు. అల్మారీ తలుపు గీకే రోజున పనిలో పనిగా ఆ కడప కూడా గీకించడం మామూలే. అందరూ తొక్కుతూ దాటే చోటు అది.

అందుకని పాత రంగును చెక్క కనిపించేదాకా గీకించాలన్న పట్టుదల వద్దు. గట్టిగా ఉన్న రంగును అలాగే ఉంచి, పైపొర మెరుపు పోయేంత వరకు మాత్రం రుద్దితే కొత్త రంగు పట్టడానికి అది చాలు. ఆ రుద్దడం కూడా పొడి ఉప్పు కాగితంతో కాదు, రంగుల పనివారు వాటర్ పేపర్ అనే నల్ల కాగితాన్ని నీళ్ళలో ముంచి రుద్దాలి. దుమ్ము లేవదు, బురదగా దిగుతుంది. పెచ్చులు లేచిన చోట నీళ్ళు చిలకరించి బరాతంతో మెల్లగా లేపాలి. కరెంటు మిషనుతో రుద్దడం, మంట పెట్టి రంగు కాల్చి గీకడం రెండూ ప్రమాదమే. మంటకు సీసం పొగగా లేస్తుంది.

పని వంటింట్లో కాక బయట, పిల్లలు తిరగని చోట, కింద ప్లాస్టిక్ పట్టా పరిచి చేయించాలి. గోడ అల్మారీ చౌకట్టును బయటికి తేలేం కాబట్టి ఆ పని జరిగే రెండు రోజులు పొయ్యి వేరే చోటికి మార్చుకోక తప్పదు. దులిపి ఊడవడం కాక తడిగుడ్డతో ఎత్తాలి. పని ముగిశాక చేతులు, ముఖం కడుక్కోకుండా అన్నం ముట్టరాదు. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకరాదు. ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే సన్నని దుమ్ము ఆగదు. 2020 కరోనా రోజుల్లో అందరికీ పరిచయమైన ఎన్-95 మాస్కు ఇందుకు మేలు.

గీకిన పెచ్చులను చెట్ల మొదట్లో పోయడం, పుచ్చిన పాత తలుపు ముక్కలను నీళ్ళు కాచే పొయ్యిలో పెట్టడం ఊళ్ళలో అందరూ చేసే పని. రంగు ఉన్న చెక్కను కాలిస్తే సీసం సగం పొగలో, సగం బూడిదలో చేరుతుంది. ఆ బూడిదతోనే గిన్నెలు తోమే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. తడి, పొడి చెత్తను వేరు చేయడంలో పేరు తెచ్చుకున్న సిద్దిపేట పట్టణంలో ఈ పెచ్చులను సంచిలో మూటకట్టి హానికర చెత్త కింద ఇవ్వడం గృహిణులకు కొత్త పనేమీ కాదు. పల్లెల్లోనే ఆలోచించాలి.

లప్పం పెట్టడం ఒక విద్య

రుద్ది ఆరిన తరువాత పగుళ్ళు, మేకుల రంధ్రాలు పూడ్చాలి. దీన్నే మనవాళ్ళు లప్పం పెట్టడం అంటారు. ఇక్కడ జరిగే పొరపాటు ఏమంటే, దుకాణంలో గోడలకని అమ్మే తెల్ల సిమెంటు పుట్టీని తెచ్చి చెక్కకు పెట్టడం. చెక్క వానకాలం ఉబ్బి ఎండాకాలం కుంచించుకుంటుంది. సిమెంటు కదలదు. ఏడాది తిరక్కుండానే పగిలి రాలుతుంది. చెక్కకు సుద్దపొడిని వార్నిష్‌తోనో అవిసె నూనెతోనో కలిపిన లప్పమే సరైనది. పెద్ద రంధ్రాలకయితే అదే చెక్క రంపపు పొట్టును ఫెవికాల్‌తో ముద్ద చేసి కూరుస్తారు.

ఈ రంపపు పొట్టు విద్య మన జిల్లాకు కొత్తది కాదు. చెరియాల నకాషీ కళాకారులు చింతగింజల అంబలిలో రంపపు పొట్టు కలిపి ముద్ద చేసి, దానితోనే బొమ్మలకు, ముఖాలకు ముక్కు, చెవులు తీర్చుతారు. తెల్ల పొనికి కర్రతో చెక్కిన బొమ్మల మీద ఎత్తుపల్లాలు పూడ్చి నునుపు చేసేదీ అదే. పటాలకు కూడా గుడ్డ మీద ముందుగా చింతగింజల జిగురు, తెల్ల సుద్ద మన్ను పూతలు పూసి, ఆరబెట్టిన తరువాతే రంగు ముట్టుకుంటారు. భౌగోళిక గుర్తింపు పొందిన కళ అయినా, వంటింటి అల్మారీ అయినా మొదటి పాఠం ఒకటే. పైకి కనిపించే రంగు ఆఖరి రోజు పని.

అవిసె నూనె వాడేవారు ఒక జాగ్రత్త పాటించాలి. నూనె తుడిచిన గుడ్డలను కుప్పగా మూలన పడేస్తే లోపల వేడెక్కి వాటంతట అవే అంటుకోవచ్చు. విడివిడిగా తీగ మీద ఆరేయాలి లేదా నీళ్ళలో ముంచాలి.

లప్పం ఆరాక సన్న కాగితంతో పోగు వాలున రుద్ది, చెక్క ప్రైమర్ ఒక పూత వేయాలి. ఇనుప గేట్లకు వేసే రెడ్ ఆక్సైడ్ మిగిలింది కదా అని దాన్ని చెక్కకు పూసేవారున్నారు. అది ఇనుముకు ఉద్దేశించినది.

లీటరు డబ్బాతో అయ్యే పని

రంగు ఎంత కావాలన్న లెక్క తెలిస్తే దుకాణంలో మోసపోనక్కర లేదు. లీటరు ఎనామెల్ నున్నని చెక్క మీద ఒక పూతకు సుమారు 100 నుంచి 140 చదరపు అడుగులు వస్తుంది. ఆరడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు గల గోడ అల్మారీ తలుపులు ముందువైపు 24, లోపలివైపు 24, మొత్తం 48 చదరపు అడుగులు. రెండు పూతలకు 96. అంటే లీటరు డబ్బా సరిపోతుంది. నాలుగు లీటర్లు అంటగట్టే చోట మిగతా మూడు లీటర్లు అటక మీద గడ్డకట్టడం ఖాయం. రంగుల ఫ్యాక్టరీ దూరాన ఉందనుకోవడానికీ లేదు. ఏషియన్ పెయింట్స్ వారు అప్పటి ఉమ్మడి మెదక్ జిల్లాలోని పటాన్‌చెరులో 1985లోనే కర్మాగారం ప్రారంభించారు.

వంటింటికి ఎనామెల్ రంగే తగినది, తడిగుడ్డకు తట్టుకుంటుంది. వాసన తక్కువగా ఉండి నీళ్ళతో కలిపే ఎనామెల్ కూడా ఇప్పుడు దొరుకుతున్నది. పసిపిల్లలున్న ఇంటికి అది మేలు, కాకపోతే నిగనిగలాడే పాత రంగు మీద రుద్దకుండా, ప్రైమర్ వేయకుండా పూస్తే తోలులా ఊడివస్తుంది. స్పిరిట్‌తో కలిపే లక్క పాలిష్ అందమైనదే గాని వేడి గిన్నె, నీటి చెమ్మ సోకితే తెల్లగా మచ్చ పడుతుంది. అది ముందు గదిలోని కుర్చీలకు ఉండనివ్వండి. తెల్ల రంగు మీద మోజు ఉన్నవారికి ఒక మాట: నూనె ఎనామెల్ తెలుపు వెలుతురు తగలని చోట పసుపెక్కుతుంది. తలుపుల లోపలి వైపు ఏడాదికే పాతబడినట్టు కనిపిస్తుంది. అక్కడ మీగడ రంగు వేస్తే ఆ బాధ లేదు. ఏ రంగన్నది ఎవరి ఇష్టం వారిది.

ఒక మందపు పూత కంటే రెండు పలుచని పూతలు నయం. పూతకూ పూతకూ నడుమ ఒక రోజు విరామం ఉండాలి. జాలీకి రంగు వేయరాదు, కన్నాలు పూడి గాలి ఆడదు. పాతది తుప్పుపడితే కొత్త జాలీ కొట్టించుకోవడమే. కాలం సంగతికొస్తే, పండుగకు ముందే కావాలని వానల్లో రంగు వేయించడం మన తొందర. ఉబ్బి ఉన్న చెక్కకు రంగు వేస్తే లోపలి తేమ బుడగలుగా తన్నుకొస్తుంది. దసరాకు కడిగి, లప్పం పెట్టించి, దీపావళి తరువాత పొడి గాలిలో రంగు వేయించుకున్న ఇళ్ళలో పని నిలుస్తుంది. ఏప్రిల్, మే ఎండల్లో రంగు బ్రష్షు వెంటే ఆరిపోయి గీతలు మిగులుతాయి.

గీకేవారి గోడు

ఇంటివారు రెండు రోజులు జాగ్రత్త పడితే చాలు. ఏడాది పొడుగునా ఆ దుమ్ములోనే ఉండే రంగుల పనివారి మాట ఎవరు పట్టించుకుంటున్నారు? రోజు కూలీకి వచ్చేవారు మాస్కు, తొడుగులు సొంతంగా కొనుక్కోరు, ఇంటివారు ఇవ్వరు. కేంద్రం 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులకు చోటిచ్చారు. వడ్లవారు అందులో ఉన్నారు. పనిముట్లకు 15 వేల రూపాయల సాయం, తక్కువ వడ్డీకి మొదట లక్ష, తరువాత రెండు లక్షల రుణం అందులో ఉన్నాయి. ఇళ్ళకు రంగులు వేసేవారు ఆ 18లో లేరు. వారికి ఆధారం 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం కింద ఏర్పడిన సంక్షేమ బోర్డు. 18 నుంచి 60 ఏళ్ళ లోపు వారు కార్మిక శాఖలో పేరు నమోదు చేసుకోవచ్చు. ఏడాదిలో 90 రోజులు ఆ పని చేసి ఉండాలి. తాపీ పనివారికి తెలిసినంతగా ఈ విషయం రంగుల పనివారికి తెలియకపోవడం విచారకరం.

పాత అల్మారీ బాగుచేయించే పనిలో ఇంటివారి ఖర్చు ఎక్కువగా కూలికే పోతుంది, సరుకుకు పోయేది కొద్ది. కొత్త బోర్డు సామాను కొంటే సొమ్ము ఊరు దాటి పోతుంది. ఈ పనిలో అది వడ్లాయనకు, రంగులాయనకు ఊళ్ళోనే చేరుతుంది. అయితే కడగడానికి, గీకడానికి, లప్పానికి కలిపి కనీసం నాలుగు రోజులు పడుతుందని ముందే ఒప్పుకుని, ఆ రోజులకు కూలి ఇవ్వాలి. మొత్తం పని గుత్తకు మాట్లాడితే గీకుడు ఒక పూటలో తేలిపోతుంది.

రంగు ముట్టుకుంటే అంటనంత మాత్రాన ఆరినట్టు కాదు. గట్టిపడటానికి వారం పైన పడుతుంది. అంతవరకు తలుపులు వారగా తెరిచే ఉంచాలి, మూస్తే అంచులు అతుక్కుంటాయి. ఉప్పు, చింతపండు జాడీలు, పచ్చళ్ళు ఆ తరువాతే లోపల పెట్టాలి. అరల మీద పాత దినపత్రికలు పరచడం మన గృహిణుల అలవాటు. పత్రికల వారు చెప్పకూడని మాటే గాని, ఆహార పదార్థాలను పత్రిక కాగితాల్లో చుట్టడాన్ని ఆహార భద్రతా సంస్థ 2018 నిబంధనల్లోనే కూడదన్నది, సిరా మంచిది కాదు. డబ్బాలు, జాడీల కింద పరిస్తే నష్టం లేదు. రొట్టెలు, అప్పాలు నేరుగా పెట్టే అరలో మాత్రం ఉతికిన తెల్లగుడ్డ వేసుకోవాలి.